కాపలా తీగ మీదా, మన పిల్లల మీదా?

బడికి ఇంటర్నెట్ వచ్చింది. దాని వెనకాలే కాపలా వస్తోంది. నెట్‌వర్క్ మానిటరింగ్ అంటున్నారు. గురుకులాల్లో, సర్కారు హాస్టళ్ళలో దీన్ని పెట్టేముందు కన్నోళ్ళను ఒక్కమాట అడగాలని ఏ పెద్దమనిషికి తోస్తుంది? అందుకే మేమే అడుగుతున్నాం.

కాపలా మనకు కొత్త కాదు. 1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911 నుంచి మద్రాసు రాజ్యానికీ పాకించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి ఎరుకలోళ్ళను అందులోకి తోలారు. పుట్టుకే నేరం. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో చట్టం పోయింది. రిజిస్టరుకెక్కిన ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

మేము యంత్రానికి అడ్డం కాదు. లైనులో రద్దీ ఎంత, ఏ కంప్యూటరుకు వైరస్ తగిలింది, ఎక్కడ తెగింది, చూడమనండి. పిల్లల లైను మీద ఆఫీసు గదిలో ఎవరు సినిమాలు చూస్తున్నారో అదీ బయటపడుద్ది! దీనికి పిల్లల పేర్లు అక్కర్లేదు.

రెండో కాపలా వేరు. పిల్లకో లాగిన్ ఇచ్చి, ఏ సైటుకు ఎన్నింటికి పోయిందో పేరుతో సహా పద్దు రాసేది. ఇవాళ చాలా సైట్లకు తాళం ఉంటుంది. పైనుంచి చూసేవాడికి సైటు పేరు తెలుస్తుంది గాని లోపల చదివింది తెలీదు. బడివాళ్ళు తమ సర్టిఫికెట్‌ను కంప్యూటర్లలో ఎక్కించారా, ఆ తాళమూ ఊడుద్ది. పిల్ల రాసిన ఉత్తరం కూడా చదవొచ్చు.

ఇప్పుడు చెప్పండి. హాస్టల్లో మాదిగ పిల్లను వార్డెన్ కులం పేరెత్తి తిట్టాడనుకోండి. 1989 అట్రాసిటీ చట్టంలో అది ఏ సెక్షన్ కిందికొస్తుందో ఆ పిల్ల వెతుక్కుంది. సాయంత్రానికి పద్దు ఎవరి బల్ల మీదికి పోద్ది? ఆ వార్డెన్ బల్ల మీదికే! ఫిర్యాదు రాయకముందే ఫిర్యాది దొరికిపోయింది. నెలసరి గురించి చదువుకున్నా అదే పద్దు. ఉన్నోళ్ళ పిల్ల ఇంటికెళ్ళి సొంత ఫోనులో చూసుకుంటుంది. మన పిల్లకు ఆ బడి కంప్యూటరే దిక్కు.

పిల్లల భద్రత కోసమేనంటారు. అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రం లోయర్ మెరియన్ బడులవాళ్ళు పోయిన లాప్‌టాపులు వెతకడానికంటూ పెట్టిన సాఫ్ట్‌వేర్, ఇళ్ళల్లో ఉన్న పిల్లల ఫోటోలు తీసిందని 2010లో బయటపడింది. కన్నోళ్ళు కోర్టుకెక్కితే 6,10,000 డాలర్లకు రాజీ అయ్యారు. కూలికి పోతే గాని పొయ్యి వెలగని మన తల్లులు ఏ కోర్టుకెక్కాలి?

18 ఏళ్ళలోపు పిల్లల నడవడిని వెంటాడకూడదని 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం 9వ సెక్షన్ చెప్తోంది. 2025 నవంబరులో వచ్చిన రూల్సు అమలుకు 18 నెలల గడువిచ్చి, బడులకు సందు కూడా వదిలాయి: చదువు కోసం, భద్రత కోసం అయితే చూడొచ్చట. భద్రత అనే మాటలో ఏదైనా పడుద్ది.

పద్దు చూసేది ఎవరు? ఎన్నాళ్ళు ఉంచుతారు? పోలీసు అడిగితే ఇస్తారా? వార్డెన్ చేతికి రాకుండా ఏం చేస్తారు? పేర్లు లేకుండా నడపడానికి అడ్డేమిటి? ఈసారి పిల్లల్ని చూడబోయినప్పుడు నలుగురైదుగురు కలిసి ప్రిన్సిపాల్‌ను ఇవి అడగండి. నోటిమాట వద్దు. తెలుగులో, సంతకం పెట్టిన కాగితం మీద జవాబు తీసుకోండి. అది చేతికొచ్చేదాకా మీటా నొక్కొద్దనండి.