వరుస తప్పితే ఊరే మారుతుంది!

పిల్లలూ! గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టి, దాని నిరూపకాలు చెప్పమని మాస్టారు అడుగుతారు గదా! ఒక బిందువు ఎక్కడున్నదో తెలిపే సంఖ్యలే నిరూపకాలు. ముందు అడ్డం కొలత, తరువాత నిలువు కొలత చెప్పాలి.

భూగోళం మీద చోటు తెలిపేవి అక్షాంశ, రేఖాంశాలు. హైదరాబాదుకు తూర్పు వైపున ఉన్న నాచారం సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. ఇక్కడ ఉత్తర దక్షిణాల కొలత, అంటే నిలువు కొలతే ముందు! పక్కనున్న ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థలో ఇటువంటి కొలతలు తీయడం నేర్పుతారు.

గ్రాఫు అలవాటు కొద్దీ ఆ సంఖ్యలను తారుమారు చేశారనుకోండి. నాచారం బదులు, ఉత్తర ధ్రువం వైపున నార్వేవారి స్పిట్స్‌బర్గెన్ దీవిలో, మంచులో తేలుతారు! అంకెలు అవే, తప్పింది వరుస.

నిరూపకాన్ని ఇంగ్లీషులో ‘కోఆర్డినేట్’ అంటారు. లాటిన్‌లో ‘కో’ అంటే కూడి, ‘ఓర్డో’ అంటే వరుస. పదిమంది పనిని ఒక వరుసలో కూర్చడానికీ ఇంగ్లీషులో అదే మాట. తెలుగులో దానిని సమన్వయం అంటాం.

ఫోనులోని పటంలో మీ ఇంటి నిరూపకాలు చూసి రాసుకోండి. ఆపద వేళ అంబులెన్సు వారికి చెప్పవలసి వస్తే, అక్షాంశమే ముందు సుమా!