వజన్ తగ్గింది, నీంద్ పోయింది

ముప్పై నలభై కిలోల వజన్ తగ్గినోళ్లకు మన దగ్గర ముబారక్ చెప్పెటోళ్ల కొదువ లేదు. షాదీఖానాల కనబడితె చాలు, "మాషా అల్లా, ఎంత బక్కగైనవ్! ఏం తింటున్నవ్?" అని చుట్టూ మూగుతరు. రాత్రి నీంద్ పడుతుందా అని మాత్రం అడగరు. అడిగితె తెలుస్తది, చానా మందికి పడదు. పక్కకు తిరిగితె తుంటి బొక్క పరుపుకు గుచ్చుకుంటది. మోకాలు మీద మోకాలు పడితె బొక్కకు బొక్క ఒరుసుకుంటది. వెల్లకిలా పండుకుంటె వెన్ను చివర తోక ఎముక దర్ద్. కర్వట్ మీద కర్వట్ మార్చుకుంట ఫజర్ అజాన్ దాకా గడుపుతరు.

దీన్ని ఇంట్ల నఖ్రా అంటరు, దవాఖానల "అలవాటైతది" అంటరు. రెండూ గలత్ అని నా అభిప్రాయం. వజన్ తగ్గించెటోళ్లు రాత్రి దర్ద్‌ను కూడా తమ ఇలాజ్‌ల హిస్సాగానే చూడాలె. కాంటా మీద కిలోలు చూసి కామ్యాబ్ అని ఫైలు మూసెయ్యడం బేఇన్సాఫీ.

చర్మం కింద ఉండే చర్బీని మనం దుష్మన్ లెక్క చూస్తం గాని, ఇన్నేండ్లు అది గద్దా పని కూడా చేసింది. తుంటి మీద, భుజం మీద, మోకాళ్ల లోపలి పక్క, కూసునే చోట బొక్కకూ మంచానికీ నడుమ ఉన్నది అదే. అది ఏడాదిల మాయమైతె బొక్క నేరుగా మంచానికి తగులుతది. పోయేది చర్బీ ఒక్కటే కాదు. తగ్గిన బరువుల రమారమి పావు వంతు కండ నుంచే పోతదని డాక్టర్లు లెక్క చెప్తరు. కండ తగ్గితె నడుమును, భుజాలను పట్టి ఉంచే తాఖత్ తగ్గుతది.

మా చెల్లె సంగతి చెప్త. జేవర్ కుదువబెట్టి ఒక పెద్ద ప్రైవేటు దవాఖానల గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుంది. ఏడాదిల నలభై రెండు కిలోలు తగ్గింది. షుగర్ దిగింది, గురక పోయింది, మోకాళ్ల నొప్పి పోయి మెట్లెక్కుతుంది. ఆపరేషన్ చేయించుకున్నందుకు ఆమెకు ఏ అఫ్సోసూ లేదు, నాకూ లేదు. గాని రాత్రుళ్లు మాత్రం "రోకలితోని దంచినట్టుంటది భయ్యా" అనేది. సాస్ ముందు చెప్పుకోలేక గల్లీ మెడికల్ షాపుల డైక్లోఫెనాక్ గోలీలు తెప్పించుకుని, రోజుకొకటి చొప్పున నెలల తరబడి మింగింది.

బైపాస్ చేయించుకున్నోళ్లు ఆ గోలీలు మింగొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కడుపునూ పేగునూ కలిపి కుట్టిన చోట పుండు పెడ్తయి, అది రక్తం కారే దాకా పోవచ్చు. డిశ్చార్జి కాగితంల ఆ మాట రాసే ఉంది, ఇంగ్లీషుల. మా చెల్లె ఉర్దూ చదువుతది, తెలుగు చదువుతది. లక్షల రూపాయలు తీసుకున్నోళ్లకు ఒక్క పేజీ తెలుగుల, ఉర్దూల అచ్చేసి ఇయ్యడం అంత ముష్కిలా? బిల్లు మాత్రం అందరికీ సమఝైతది.

తర్వాత ఇంకో డాక్టర్ దగ్గర రక్తం పరీక్ష చేయిస్తె విటమిన్ డి తక్కువ, ఐరన్ తక్కువ. ఈ ఆపరేషన్ తర్వాత బీ12, డి, కాల్షియం, ఐరన్ జిందగీ మొత్తం చూసుకుంటనే ఉండాలె. డి తక్కువైతె ఒళ్లంతా బొక్కల నొప్పి. ఐరన్ తక్కువైతె రాత్రి కాళ్లు ఊరికే ఉండనియ్యవు, ఆడిస్తనే ఉండాలనిపిస్తది. ఇవన్నీ తకియా మారిస్తె పోయే తకలీఫులు కావు.

తకియాతోని పోయేవి కూడా ఉన్నయి. పక్కకు పండుకునేటప్పుడు మోకాళ్ల నడుమ ఒకటి, వెల్లకిలా అయితె మోకాళ్ల కింద ఒకటి పెట్టుకుంటె చానా ఆరామ్. ఇగ బిస్తర్. "గట్టి తఖ్త్ మీద పండుకో, నడుముకు మంచిది" అనే పెద్దల సలహా బక్కగైన జిస్మ్‌కు జుల్మే. పైగా పాత పరుపుల పాత వజన్ చేసిన గుంత అట్లనే ఉంటది, కొత్త ఒళ్లు పోయి అందుల వంకరగ పడ్తది. కొత్త ఫోమ్ పరుపు కొనే స్తోమత లేకపోతె రూయి గద్దా మంచిదే, కాకపోతె రెండు మూడేండ్లకే దూది గడ్డలు కట్టి చాప లెక్క అయితది. ఒకప్పుడు దూదేకులోళ్లు వింటి బద్ద భుజాన ఏసుకుని ఇంటి ముందుకే వచ్చి ఏకి ఇచ్చేటోళ్లు. ఫోమ్ వచ్చి వాళ్ల రోజీ తిన్నది. మషీన్ల మీద ఏకే దుకాణాలు ఇంకా అక్కడక్కడ ఉన్నయి. మా చెల్లె గద్దా ఏకించినం, పైన ఒక మెత్తటి రజాయి మడిచి పరిచినం. తుంటి నొప్పి సగానికి సగం తగ్గింది.

కొన్నింటికి మాత్రం సబర్ చెయ్యొద్దు. మోకాలి కింద బయటి పక్క, బొక్క మీదుగ ఒక నరం పోతది. చర్బీ కవచం పోయినంక కాలు మీద కాలేసుకుని కూసున్నా, దస్తర్‌ఖాన్ దగ్గర గంటలకు గంటలు కాళ్లు మడిచినా అది నలుగుతది. తిమ్మిరి పట్టి పాదం పైకి లేవకుండ ఈడుస్తుంటె ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోవాలె. కుడి పక్క పక్కటెముకల కింద జోరుగ లేచే నొప్పి పిత్తాశయంల రాళ్లది కావొచ్చు, జల్దీ తగ్గినోళ్లల్ల అది మామూలే. ఇగ తగ్గాలని ఏమీ చెయ్యకుండనే బరువు పోతుంటె, రాత్రి జ్వరం, చెమటలు, దర్ద్ ఉంటె, అది ముబారక్ చెప్పే విషయమే కాదు, టీబీ నుంచి క్యాన్సర్ దాకా పరీక్షలు చేయించాలె.

2025ల మౌంజారో, వెగోవీ సూదులు మన మార్కెట్ల దిగినయి. ఆపరేషన్ లేకుండనే ఇప్పుడు వజన్ దిగుతుంది, బక్కగయ్యేటోళ్ల తాదాద్ పెరుగుతది. సూది రాసే డాక్టర్ సాబ్ కండ కాపాడే కసరత్తు, పప్పు, గుడ్డు, గోష్ లెక్క కూడా అదే చీటీ మీద రాయాలె. రెండో నెల పోయినప్పుడు కాంటా ఎక్కించే ముందు రాత్రి ఎన్ని గంటలు పండుకున్నవని అడగాలె. ఆయన అడగకపోతె మీరే చెప్పుండ్రి, మీ జబాన్‌లనే చెప్పుండ్రి.