ఫైల్ కనిపించలేదా? తిట్టే ముందు కలిసి వెతకండి



ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు క్లాసులో తరచూ వినే మాట: "మేడమ్, నిన్న రాత్రే పూర్తి చేశాను. పొద్దున చూస్తే సిస్టమ్‌లో లేదు." దీన్ని సాకు అని కొట్టిపారేయడం తేలిక. కానీ చాలాసార్లు ఫైల్ సిస్టమ్‌లోనే ఉంటుంది. ఎక్కడ సేవ్ అయిందో పిల్లలు చూసుకోరు, అంతే. "నువ్వే ఏదో నొక్కి ఉంటావు" అని మనం విరుచుకుపడితే, ఈసారి ఫైల్ పోయినా మనకు చెప్పరు. అందుకే, పక్కన కూర్చుని వాళ్ల చేతే వెతికించాలని నా అభిప్రాయం.

విండోస్ కంప్యూటర్ అయితే ముందు రీసైకిల్ బిన్ చూడమనండి. ఉంటే, రైట్ క్లిక్ చేసి రీస్టోర్ నొక్కితే పాత చోటికే వెళ్తుంది. లేకపోతే వర్డ్ లేదా పవర్‌పాయింట్ తెరిచి 'రీసెంట్' జాబితా చూడాలి. ఫైల్ పేరుతో పాటు అది ఏ ఫోల్డర్‌లో ఉందో అక్కడ తెలుస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను తేదీల వారీగా సర్ది చూడటం మరో దారి. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫైళ్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. నాన్న లాగిన్, పిల్లల లాగిన్ వేరైతే డెస్క్‌టాప్‌లు కూడా వేరు. అది కూడా చూసుకోండి.

నిజంగానే డిలీట్ అయితే కంగారుపడి అదే సిస్టమ్‌లో కొత్త సాఫ్ట్‌వేర్లు దించకండి. హార్డ్ డిస్క్‌లో డిలీట్ చేసిన సమాచారం వెంటనే చెరిగిపోదు. దాని చోటులో కొత్తది చేరితేనే పూర్తిగా పోతుంది. కాబట్టి వాడకం ఆపి, తెలిసినవాళ్లకు చూపించండి. ఎస్‌ఎస్‌డీ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో మాత్రం తిరిగి దొరికే ఆశ తక్కువ.

అందుకే ముందు జాగ్రత్త అవసరం. ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించండి. ఒక్కొక్కరికి ఒక్కో ఫోల్డర్, ఫైల్ పేరులో సబ్జెక్టు, తేదీ, వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో ఒక కాపీ. ఈ పని మీరు చేసిపెట్టకండి, వాళ్లనే చేయనివ్వండి. పుస్తకాల బ్యాగు సర్దుకోవడం నేర్పినట్టే ఇదీ నేర్పాలి.

ఎంత వెతికినా దొరకకపోతే డైరీలో ఒక మాట రాసి పంపండి. నా సబ్జెక్టు అయితే మళ్లీ చేసుకునే సమయం ఇస్తాను. భయంతో అబద్ధం చెప్పే అవసరం మాత్రం ఏ బిడ్డకూ రాకూడదు.