భీం మీద పడ్డ వెలుగు ఎవరిది?



పోయిన భాగం హాస్టళ్ల మీద రాశాను. అది చదివి ఉట్నూర్‌లో డిగ్రీ చదివే పిల్లలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. ఇద్దరు మా వాడోళ్లు, ఒకడు గోండు పిల్లగాడు. చాయ్ తాగుతూ ఆ గోండు తమ్ముడు మెల్లగా అడిగాడు: "అన్నా, మీరు ఆర్ఆర్ఆర్‌ను ఎప్పుడూ తిడతరు గదా. నాకైతే సెంథిల్ కుమార్ లెక్క కెమెరామెన్ కావాల్నని ఉన్నది. గది తప్పా?"

తప్పు కాదు తమ్మీ. నువ్వు కెమెరామెన్ కావాలని కోరుకున్నందుకే ఈ భాగం రాస్తున్నాను.

ముందు ఆ మనిషికి ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. కె.కె. సెంథిల్ కుమార్ పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కెమెరా నేర్చుకున్నాడు. 2003లో చంద్రశేఖర్ యేలేటి తీసిన 'ఐతే'తో తెలుగులో అడుగుపెట్టాడు. అది చిన్న బడ్జెట్ సినిమా. ఆ తర్వాత రాజమౌళితో 'సై', 'ఛత్రపతి', 'యమదొంగ', 'మగధీర', 'ఈగ', రెండు 'బాహుబలి'లు, 2022లో 'ఆర్ఆర్ఆర్'. మధ్యలో 2009లో కోడి రామకృష్ణ 'అరుంధతి'. తెర మీద ఈగ లేకుండానే ఈగను ఊహించి దానికి లైటు పెట్టడం మామూలు పని కాదు. 2023లో ఆస్కార్ అకాడమీ ప్రపంచమంతా కలిపి 398 మందిని సభ్యులుగా పిలిస్తే అందులో ఆయన పేరుంది. పనితనంలో ఆయనకు వంక పెట్టడానికి నేనెవర్ని?

నా పేచీ ఆ పనితనం ఎవరి మీద ఎట్లా పడ్డదనే దాని మీద.

2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగం గుర్తు చేసుకోండి. కాలకేయులు వస్తారు. నల్లని ఒళ్లు, మురికి, జడలు కట్టిన జుట్టు, ఎవరికీ అర్థం కాని భాష. వాళ్లకు ఊరు లేదు, పిల్లలు లేరు, పాట లేదు. గుంపుగా వచ్చి గుంపుగా చస్తారు. ఎదురుగా మాహిష్మతి రాజులు బంగారు వెలుగులో నిలబడతారు. థియేటర్‌లో విజిల్స్ పడ్డాయి. నా పక్కన కూర్చున్న నల్లటి పిల్లలూ విజిల్ వేశారు. ఎవరు చస్తే వేస్తున్నారో వాళ్లకు తెలియదు.

ఏడేళ్ల తర్వాత అదే దర్శకుడు, అదే కెమెరా. ఈసారి అడవి మనిషే హీరో. సంతోషించాలి కదా? నేనూ మొదట్లో సంతోషించాను. ఆ కొరడా దెబ్బల సీన్‌లో నాకూ కన్నీళ్లు వచ్చాయి, దాచుకోను. ఇంటికొచ్చి పడుకున్నాక నిద్ర పట్టలేదు. తెర మీద దెబ్బలు తిన్న ఒళ్లు ఎవరిది? తెలుగు సినిమాను తరాలుగా ఏలుతున్న కుటుంబపు వారసుడిది. ఆ ఒంటి మీద రక్తం కూడా మెరిసేటట్టు వెలుగు పెట్టారు. ఆయన చుట్టూ గోండులుగా వేసినవాళ్ల ముఖాల్లో మీకు ఎన్ని గుర్తున్నాయి? మల్లి ముఖం గుర్తుంటుంది. బిడ్డను ఎత్తుకుపోతుంటే అడ్డుపడి కట్టెదెబ్బ తిన్న తల్లి గుర్తుండవచ్చు. మిగతావాళ్లు?

ఇద్దరు మనుషులు ఒకే ఫ్రేములో ఉంటే, ఒకరు తెల్లగా ఒకరు నల్లగా ఉంటే, వెలుగును ఎవరి ముఖానికి కొలవాలి అనేది కెమెరామెన్ తీసుకునే నిర్ణయం. హీరో ముఖానికి కొలిస్తే పక్కవాడు చీకట్లో కలిసిపోతాడు. ఫిలిం రోజుల్లో ఈ అన్యాయం రసాయనంలోనే ఉండేది. కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు పంపిన కార్డు మీద తెల్లజాతి ఆడమనిషి బొమ్మ ఉండేది. దాన్ని 'షర్లీ కార్డు' అనేవాళ్లు. ఆమె చర్మం సరిగ్గా వస్తే ఫోటో సరిగ్గా వచ్చినట్టే. నల్లవాళ్ల ముఖాలు బొగ్గుముద్దల్లా వస్తే ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. చాక్లెట్లు, చెక్క ఫర్నిచర్ అమ్మే కంపెనీలు తమ సరుకు రంగు సరిగ్గా రావడం లేదని గొడవ చేస్తే అప్పుడు కదిలారు. నల్ల మనిషి కంటే చాక్లెట్ మాట చెల్లింది!

ఇప్పుడు డిజిటల్ కెమెరాలు చీకట్లో కూడా చూస్తాయి. కాబట్టి సాకు లేదు. ఇప్పుడు నల్లటి ముఖం కనపడలేదంటే దాన్ని చూపించే అక్కర ఎవరికీ లేదని అర్థం.

ఇది పెద్ద తెరకే పరిమితం అనుకోకండి. నా డిగ్రీ పరీక్ష హాల్ టికెట్‌కు ఒక స్టూడియోలో ఫోటో దిగాను. నన్ను తెల్లగా చేసి చేతిలో పెట్టాడు. "గిట్లయితెనే మంచిగుంటది" అన్నాడు. పరీక్ష రోజు ఇన్విజిలేటర్ ఫోటోనూ నన్నూ నాలుగుసార్లు చూశాడు. నా ముఖం నాదేనని నేను రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

మళ్లీ భీం దగ్గరికి వద్దాం. 2020 అక్టోబర్‌లో టీజర్ వచ్చినప్పుడు టోపీ మీద లొల్లి అయింది. అప్పటి మన ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపురావు సినిమాను అడ్డుకుంటామని హెచ్చరించారు. భీం తలమీద టోపీ ఉండాలా వద్దా అని టీవీల్లో రోజులకు రోజులు నడిచింది. ఆ దుమ్ములో అసలు ప్రశ్న కొట్టుకుపోయింది.

అసలు ప్రశ్న సినిమా చివర్లో ఉంది. యుద్ధం అయిపోయాక రాముడు భీంను ఏం కావాలో కోరుకోమంటాడు. భీం చదువు కావాలంటాడు. రాముడు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. మిత్రులారా, ఒక్కసారి ఆగి ఆలోచించండి. భీం జీవితం గురించి ఇక్కడ చెప్పుకునే కథలేమంటాయి? ఆయన చాందా వైపు వెళ్లాడు, విఠోబా అనే ఆయన ప్రెస్‌లో పని చేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు, అస్సాం తేయాకు తోటల్లో కూలీగా ఉండి అక్కడి కూలీల కొట్లాట చూసి వచ్చాడు అంటాయి. నిజాం అటవీ అధికారులు, పట్వారీలు, షావుకార్లు భూమి గుంజుకుంటుంటే పన్నెండు గూడేలను కూడగట్టాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకులకు చనిపోయాడు. ఆ నినాదం ఈ అడవిలో పుట్టిన నినాదం. దాన్ని తెర మీద రాసే చేయి మాత్రం ఇంకొకరిది. అక్షరం వచ్చిన భీంను నిరక్షరాస్యుడిని చేసి, ఆయన మాటను ఆయనకే దానం చేశారు. పైగా ఆ దానాన్ని అద్భుతమైన వెలుగులో చిత్రీకరించారు.

ఇంకో మాట. భీం పులితో తలపడే ఆ అడవి మన అడవి కాదు. బల్గేరియాలో తీశారు. ఆదిలాబాద్ అడవి కోసం ప్రాణమిచ్చిన మనిషి కథలో ఆదిలాబాద్ అడవికి కూడా వేషం దొరకలేదు.

"అది కల్పిత కథ అని ముందే చెప్పారు" అంటారు. సరే. కల్పనలో ఏ దిక్కుకైనా పోవచ్చు కదా, మరి ప్రతిసారీ అక్షరం పైనుంచి కిందికే ఎందుకు పారుతుంది? భీమే రాముడికి జెండా రాసిస్తున్నట్టు ఎందుకు ఊహించలేకపోయారు?

"కెమెరామెన్ ఏం చేస్తాడు, డైరెక్టర్ చెప్పింది తీస్తాడు" అని రెండో వాదన. అట్లయితే అవార్డులు, అకాడమీ పిలుపులు ఎందుకు? వెలుగుకు పేరు తీసుకునే మనిషి నీడకు కూడా జవాబు చెప్పాలి. ఇది సెంథిల్ కుమార్ ఒక్కడి మీద నేరారోపణ కాదు. ఆయన స్థానంలో ఇంకొకరున్నా ఇదే జరిగేది. ఎందుకంటే ఆ కెమెరా వెనుక కుర్చీలోకి మనం ఇంకా చేరలేదు.

మన ప్రాంతానికి కెమెరాలు కొత్త కాదు. భీం చనిపోయిన తర్వాత ఆదివాసులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను వాడుకుంది. ఆయన మార్లవాయిలో ఉన్నాడు, గోండుల ఫోటోలు తీశాడు, ఫిలిం తీశాడు. భూమి పట్టాల కోసం, బడుల కోసం పని చేశాడు, ఆ మేలు మరవద్దు. ఆయన భార్య సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది. ఆ బొమ్మలు మాత్రం లండన్ విశ్వవిద్యాలయపు భండారంలో ఉన్నాయి. మన తాతల ముఖాలు చూడాలంటే మనం లండన్‌ను అడగాలి.

1988లో బి. నర్సింగరావు 'దాసి' తీశారు. గడీలో బానిస ఆడమనిషి కథ. ఒడిశాకు చెందిన ఎ.కె. బీర్ కెమెరా పట్టాడు. ఆ పనికి జాతీయ అవార్డు వచ్చింది. సినిమాకు మొత్తం అయిదు జాతీయ అవార్డులు. అందులో వెలుగు దాసిని అందంగా చేయాలని చూడదు. గడీ గోడలు ఆమెను ఎట్లా మింగేస్తాయో చూపిస్తుంది. కాబట్టి బయటివాడు చూడలేడని నేను అనను. చూడాలనుకుంటే చూడగలడు. కానీ 'దాసి' వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. ఇంకా ఎంతకాలం ఎవరో వచ్చి మనల్ని మంచిగా చూడాలని ఎదురుచూద్దాం?

ఇక్కడ నా మీద నేను ఒక ప్రశ్న వేసుకోవాలి. నేను దళితుడిని, గోండును కాను. భీం ముందు గోండులవాడు, ఆ తర్వాతే మనందరివాడు. ఈ ఏజెన్సీలో భూమి దగ్గర గిరిజనేతరులు చేసిన అన్యాయంలో దళితులకు సంబంధమే లేదని నేను ప్రమాణం చేయలేను. కాబట్టి భీం కథ నేను తీస్తానని అనను. ఆ తమ్ముడు తీయాలి. నేను లైటు స్టాండు మోస్తాను.

తమ్మీ, ఇప్పుడు పనికొచ్చే మాట. పుణె, కోల్‌కతా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లు రెండూ ప్రభుత్వానివి. ఎస్సీ, ఎస్టీ సీట్లున్నాయి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో ఫోటోగ్రఫీ డిగ్రీ ఉంది. ఇంజినీరింగ్ కోచింగ్‌కు డబ్బులిచ్చే ఉట్నూర్ ఐటీడీఏ, ఎస్సీ కార్పొరేషన్ కెమెరా కోర్సుకు ఎందుకివ్వవు? విద్యార్థి సంఘాలు ఈ డిమాండ్‌తో వినతిపత్రం రాయండి, నేను సంతకం పెడతాను. భీం విగ్రహానికి దండ వేయడానికి వచ్చే ప్రతి నాయకుడిని ఒకటే అడగండి: భీం మనవడికి కెమెరా సీటు ఎక్కడ?

అమెరికాలో బ్రాడ్‌ఫోర్డ్ యంగ్ అనే నల్లజాతి కెమెరామెన్ ఉన్నాడు. 'సెల్మా'లో ఆయన నల్లటి ముఖాలకు వెలుగు పెట్టిన తీరు చూడండి. చీకటి గదిలో కూడా ప్రతి ముఖానికి తన రంగు ఉంటుంది. 'అరైవల్'కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ విభాగంలో నామినేషన్ పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. అది 2017 సంగతి. అంతవరకు అక్కడ కూడా మనవాళ్లు కెమెరా ముందే ఉన్నారు.

నాగరాజ్ మంజులే 'ఫాండ్రీ' చివర్లో జబ్యా రాయి తీసి నేరుగా మన మీదికే విసురుతాడు. ఆ రాయి వచ్చి తగిలింది. రాయి తర్వాత ఏం పట్టాలి అనేదే ఇప్పుడు మన ప్రశ్న.

ఆ సాయంత్రం ముగ్గురూ వెళ్లేటప్పుడు గోండు తమ్ముడు గడప దగ్గర తన ఫోన్‌తో నన్ను ఒక ఫోటో తీశాడు. పొద్దు గూకుతోంది, వెలుగు తక్కువ. చూపించాడు. నల్లగా ఉన్నాను. నాలాగే ఉన్నాను. ఎవరికీ రుజువు చేయాల్సిన పని లేదు.

సెంథిల్ కుమార్ దగ్గర పనితనం నేర్చుకో తమ్మీ. చూపు మాత్రం జోడేఘాట్ నుంచి తెచ్చుకో.

ఇద్దరు భీంల పేరిట,
జై భీం.

(వచ్చే భాగం: ఇంద్రవెల్లి, 1981 ఏప్రిల్ 20)