పలక తుడవకముందే...

మార్కాపురం పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోయినట్టే. హార్డ్‌డిస్కు అలా కాదు. కంప్యూటర్‌కి కనిపించనంత మాత్రాన అందులోది చెరిగిపోదు. చాలాసార్లు చెరిపేది యజమాని కంగారే!

గిద్దలూరులో ఓ ఫొటో స్టూడియో ఉందనుకుందాం. పదేళ్ల పెళ్లి ఫొటోలన్నీ లినక్స్‌ కంప్యూటర్లో, నాలుగు డిస్కుల మీద 'రైడ్‌-5' పద్ధతిలో ఉన్నాయి. 1988లో బర్కిలీ పరిశోధకులు ప్యాటర్సన్‌, గిబ్సన్‌, కట్జ్‌ తమ పత్రంలో వివరించిన విధానమిది. లినక్స్‌లో ప్రత్యేక కార్డు లేకుండా సాఫ్ట్‌వేరే ఆ పని చేస్తుంది. మూడు డిస్కులకు సరిపడా సమాచారం, ఒక డిస్కంత చోటులో 'ప్యారిటీ' అనే సరిచూసే లెక్క... ఇవి నాలుగింటి మీదా పరుచుకుని ఉంటాయి. ఒక డిస్కు పోతే మిగతా మూడింటిని బట్టి దాన్ని మళ్లీ లెక్కగట్టొచ్చు. రెండు పోతే? మొత్తం ఆగిపోతుంది.

ఓ రాత్రి కరెంటు పోయి వచ్చాక అదే జరిగింది. నిజానికి ఒక డిస్కు ఆర్నెల్ల కిందటే తప్పుకొంది. ఎవరూ గమనించలేదు. ఇప్పుడు రెండోదీ జారింది.

ఇలాంటప్పుడు 'క్రియేట్‌' ఆదేశంతో కొత్తగా మొదలుపెడితే ప్రమాదం. డిస్కుల వరస తప్పితే, ఆ తర్వాత రాసే ప్యారిటీ అసలు ఫొటోల మీదే పడుతుంది. 'ఎఫ్‌ఎస్‌సీకే'తో మరమ్మతుకీ తొందర పడకూడదు.

ముందు కేబుళ్లు, పవర్‌ సప్లై చూడాలి. డిస్కు చదవడానికి మొరాయిస్తుంటే 'డీడీరెస్క్యూ'తో మరో డిస్కులోకి కాపీ తీసి, పనంతా ఆ కాపీ మీదే చేయాలి. తర్వాత 'ఎండీఆడ్మ్‌' ప్రోగ్రాంలోని 'ఎగ్జామిన్‌'తో ఒక్కో డిస్కులో 'ఈవెంట్స్‌' సంఖ్య రాసుకోవాలి. ఏ డిస్కు ఎంతవరకు మిగతావాటితో కలిసి నడిచిందో అదే చెబుతుంది. మూడింటి సంఖ్యలు దగ్గరదగ్గరగా ఉండి, ఒకటి బాగా వెనకబడితే... ఆర్నెల్ల కిందట తప్పుకొన్నది అదే. దాన్ని పక్కన పెట్టాలి. సగంలో ఆగినదాన్ని 'స్టాప్‌' చేసి, మిగిలిన మూడింటినీ 'అసెంబుల్‌', 'ఫోర్స్‌'తో కలపాలి. చివరి క్షణాల్లో రాసినవి కొన్ని పోవచ్చు. మిగతావి చాలావరకు దక్కుతాయి. అప్పుడు కూడా 'రీడ్‌ ఓన్లీ'గానే తెరిచి, ఫొటోలన్నీ వేరేచోటికి మార్చాకే కొత్త డిస్కు బిగించాలి.

ఇంకో మాట. రైడ్‌ ఉంది కదా అని బ్యాకప్‌ మానేయకూడదు. పొరపాటున ఫైలు చెరిపితే అది అన్ని డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. ఆ ఫొటోల్లో ఇప్పుడు లేని ఏ తాతయ్య నవ్వో ఉండొచ్చు. ఆ నవ్వును మళ్లీ ఫొటో తీయడం ఎవరి తరమూ కాదు. రెండో కాపీ వేరే ఇంట్లో ఉంటే, ఏ రాత్రి కరెంటు పోయినా నిద్ర మాత్రం పోదు!