ముల్లు మాట నమ్మొచ్చా?

పదహారు మిల్లీమీటర్ల షాఫ్టు కావాలి. ఇంట్లో చిన్న లేతు మీద తిప్పుతున్నారు. కాలిపర్ 16.10 చూపిస్తోంది. 0.05 లోతున ఇంకో కోత ఇచ్చారు... అంటే వ్యాసంలో 0.10 తగ్గాలి. తీరా మైక్రోమీటరు పెట్టి చూస్తే 15.90! మీ లెక్క తప్పలేదు, కాలిపరే అబద్ధం చెప్పింది. కోసేసిన ఇనుమును మళ్లీ అతికించలేం కదా!

అందుకే లేతు కొన్నంత శ్రద్ధగానూ డయల్ కాలిపర్ కొనాలి. వెర్నియర్ గీతలు చూడాలంటే కళ్లజోడు సవరించుకోవాలి. డిజిటల్‌కు సరిగ్గా పని మధ్యలోనే బ్యాటరీ అయిపోతుంది. డయల్‌కి ఆ రెండు బాధలూ లేవు. దాని బలహీనత వేరే ఉంది. పట్టీ పొడవునా ఉన్న సన్నని పళ్ల మీద చిన్న చక్రం దొర్లితేనే ముల్లు తిరుగుతుంది. ఆ పళ్లలో ఇనుప రజను ఇరుక్కుందంటే చక్రం ఎగిరి పక్క పన్ను మీద పడుతుంది. ఇక దవడలు మూసినా ముల్లు సున్నా దగ్గర ఆగదు. కాబట్టి పళ్లు పైకి తెరుచుకుని ఉన్న రకమైతే కుంచెతో తుడిచే అలవాటు మీకు ఉండాలి.

ఇంటి పనికి 150 మిల్లీమీటర్ల కొలత, 0.02 విభజన చాలు. జపాన్ మిటుటోయో, అమెరికా స్టారెట్ పాతకాలం నుంచీ పేరున్నవి. అయితే పెద్ద పేర్లకే నకిలీలు ఎక్కువ. డబ్బా చూసి మురిసిపోకుండా అధీకృత డీలరు దగ్గరే కొనండి.

దుకాణంలోనే పరీక్షించండి. మొహమాటం వద్దు! దవడలు మూసి వెలుగుకు ఎదురుగా పట్టండి. కొన్ని మైక్రాన్ల సందున్నా వెలుగు గీతలా కనిపిస్తుంది. పదిసార్లు తెరిచి మూయండి. ముల్లు ప్రతిసారీ సున్నాకే రావాలి. బొటనవేలితో జరుపుతుంటే ఎక్కడా పట్టేయకూడదు, వదులుగా ఊగనూ కూడదు.

అసలు పరీక్షకు ఖరీదైన గేజి బ్లాకులు అక్కర్లేదు. పేరున్న కంపెనీ 6202 బేరింగు కొత్తది ఒకటి జేబులో వేసుకెళ్లండి. దాని బయటి వ్యాసం 35 మిల్లీమీటర్లు. మామూలు రకంలోనే 11 మైక్రాన్లకు మించి తగ్గనివ్వరు. లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, అదీ అంతే కచ్చితం. వెడల్పు 11 అంటారు గానీ దాన్ని మాత్రం నమ్మకండి, అక్కడ సడలింపు ఎక్కువ. లోపలి దవడలతో రంధ్రం కొలిస్తే పిసరంత తక్కువ చూపడం సహజమే.

ఎంత మంచిదైనా 0.03 అటూ ఇటూ తేడా ఉంటుంది. బేరింగు బిగుతుగా కూర్చోవాల్సిన చోట చివరి కోతకు మైక్రోమీటరే గతి. ఇంకోమాట... దవడల కొసలతో గట్టిగా నొక్కి కొలిస్తే జారుడు భాగం కాస్త వంగి కొలత మారుతుంది. వస్తువును పట్టీకి దగ్గరగా పెట్టి, మెత్తగా మూయండి. అల్యూమినియం కోసిన వెంటనే కొలవకండి. 50 మిల్లీమీటర్ల ముక్క 40 డిగ్రీలు వేడెక్కితే 0.046 దాకా ఉబ్బుతుంది. ఓ టీ తాగి వచ్చి కొలవండి. చెప్పడం మరిచాను, తిరుగుతున్న పనికి కాలిపర్ ఎప్పుడూ తగిలించకండి. దవడలు అరుగుతాయి, వేళ్లకూ ప్రమాదం.