బీరువాలో మిగిలిపోవుచున్న పరిశోధన

వాక్కు, భాష, వినికిడి అను మూడు విషయములను గూర్చి మన రాష్ట్రమున ఏటేట జరుగుచున్న పరిశోధనలో పెక్కుభాగము పరీక్షాధికారుల సంతకముతోనే ఆగిపోవుచున్నది. చెవి, ముక్కు, గొంతు విభాగమున పి.జి. చదువు యువవైద్యుడును, ఆడియాలజీలో పట్టమునకై శ్రమించు విద్యార్థినియు, భాషాశాస్త్రశాఖలో పిల్లల మాటలను రికార్డు చేసి నెలలతరబడి వ్రాసికొను పరిశోధకుడును తమ తమ సిద్ధాంతగ్రంథములను నల్లని అట్టలతో, బంగారు అక్షరములతో బైండు చేయించి, మౌఖికపరీక్ష ముగించుకొని, ఉద్యోగములలో చేరుదురు. గ్రంథము బీరువాలో చేరును. కొన్నాళ్లకు వేరొక కళాశాలలో వేరొక విద్యార్థి, అట్టిది కలదని యెరుగక, అదే ప్రశ్నను మొదటినుండి యెత్తుకొనును. దీనిని చదువుకొన్నవారి అలసత్వముగా నెంచి ఊరకుండుట న్యాయము కాదు. ఆ బీరువాలో నున్నది మన పిల్లల పలుకు, మన వృద్ధుల వినికిడి. కూలి మానుకొని వచ్చి, పలుకుమన్నది పలికి, విన్నది వ్రేలితో చూపి, ఏ ప్రతిఫలమును కోరక వారిచ్చిన సాక్ష్యమది. ఆ సాక్ష్యమును విద్వత్పత్రికకు సమర్పించి, తెలిసినవారి పరీక్షకు నిలిపి, పదిమందికి అందుబాటులోనికి తెచ్చుట పరిశోధకుడు తీర్పవలసిన ఋణమని నా దృఢాభిప్రాయము.

విజయవాడలో ఏ వినికిడిపరీక్షా కేంద్రమునకైనను వెళ్లి ఒక పూట కూర్చున్నచో ఈ మాటలోని సత్యము బోధపడును. బయటి చప్పుడు చొరని చిన్న గదిలో బాలుడు చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని కూర్చుండును. అద్దమునకు ఈవల ఆడియాలజిస్టు ఒక్కొక్క మాటను మైకులో పలుకుచుండును. బాలుడు ఆ మాటను తిరిగి చెప్పవలయును, లేదా ఎదుటనున్న బొమ్మలలో చూపవలయును. పరీక్ష యంతయు ఏ మాటలు ఎన్నుకొంటిరన్న దానిపై ఆధారపడియున్నది. ఆంగ్లమున ఇట్టి పరీక్షకు హల్లుతో ముగియు ఏకాక్షరపదములు వందలకొలది దొరకును. రెండక్షరములపైనను సమానమైన ఊనిక గల జంటపదములును దొరకును. అజంతమైన తెలుగున ఏకాక్షరపదములు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని. ఆ విధమైన ఊనిక మన పలుకుబడిలోనే లేదు. కనుక మన పట్టికలు మన భాషాస్వభావమునుండియే పుట్టవలయును. అటు, అట్టు అను రెండు మాటలకు మధ్యనున్న భేదమెల్ల టకారముకడ నాలుక నిలిచియుండు కాలము యొక్క హ్రస్వదైర్ఘ్యములే; ఆ లవలేశమైన నిడివిని పోల్చుకొనలేని చెవికి తెలుగు సగము పోయినట్లే. చాప యనునప్పుడు చకారము దంత్యము, చేప యనునప్పుడు తాలవ్యము. మేక యనునప్పటి ఏకారము వేరు, మేకు అనునప్పటి ఏకారము వేరు. వ్రాతలో మాత్రము ఒకే అక్షరము. వయసుతో వినికిడి తరుగువారికి మొదట జారిపోవునవి హెచ్చు పౌనఃపున్యము గల సకార, చకారాదులు. ఇంతేకాక, ఒక జిల్లావారు ఆనపకాయ యనుదానిని వేరొక జిల్లావారు సొరకాయ యందురు. బొమ్మ చూచి పేరు చెప్పని పిల్లవాడు వినలేకపోయెనో, ఆ పేరు ఎరుగడో తేల్చుటకు మాండలికజ్ఞానము కావలయును.

ఇవి పండితులు చర్చించుకొను సూక్ష్మములు మాత్రమే యని తలచువారు ఒక్క విషయము గమనింపవలయును. పుట్టుచెవుడు గల పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్స చేయించుటకు ఆరోగ్యశ్రీ పథకము మార్గమేర్పరచినది. లక్షల వ్యయమగు ఆ చికిత్స పేద యింటి బిడ్డకు అందుట మన రాష్ట్రము గర్వింపదగిన విషయము. ఐనను శస్త్రచికిత్సతో బిడ్డకు మాట రాదు. అటుపిమ్మట నెలలు, ఏండ్లు స్పీచ్ థెరపిస్టు ఎదుట కూర్చుండి, తల్లి యింట అదే పాఠమును తిరిగి చెప్పుచుండగా, శబ్దము మాటగా మారవలయును. నాలుగేండ్ల బిడ్డ ళకారమును లకారముగా పలికిన అది దోషమా, వయసునకు తగినదేనా? దివిసీమ పల్లెలో పెరుగుచున్న సాధారణమైన బిడ్డ ఏ యేట ఏ వాక్యము పలుకును? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు ప్రమాణములు ప్రచురితమై యుండినగాని మచిలీపట్నపు థెరపిస్టునకు దొరకవు. బీరువాలోని ప్రమాణము ఆమెకు లేనిదానితో సమానము.

2011 జనాభా లెక్కలనుబట్టి తెలుగు మాతృభాషగా గలవారు ఈ దేశమున 8 కోట్ల 11 లక్షలు. ఇంతటి భాష బాల్యదశను గూర్చి లోకమున లభ్యమగు పరిశోధన మిక్కిలి స్వల్పము. ఇవాన్ కిడ్, రోవెనా గార్సియా అను ఇరువురు పరిశోధకులు శిశుభాషకు సంబంధించిన నాలుగు ముఖ్యపత్రికల సంచికలను పరిశీలించి 2022 లో ప్రకటించిన దానినిబట్టి, లోకములోని వేలకొలది భాషలలో ఆ పత్రికల కెక్కినవి సుమారు 103 మాత్రమే. అనగా నూటికి ఒకటిన్నర. వ్యాసములలో అధికభాగము ఆంగ్లమును గూర్చినవే. ఇచ్చట సంపాదకుల బాధ్యతయు కలదు. ఆంగ్లశిశువును గూర్చిన వ్యాసమునకు ‘శిశువులు భాష నేర్చు విధానము’ అని పేరు పెట్టవచ్చునట. తెలుగు శిశువును గూర్చిన వ్యాసమునకు ‘తెలుగు’ అని పేరులోనే చెప్పవలయునట. ఆపై ఇది యొక ప్రాంతీయవిషయము, మా పాఠకులకు అంతగా ఉపయోగింపదని తిరుగుటపాలో త్రిప్పిపంపుట. ఈ వైఖరిని నేను అన్యాయమనియే యందును. ఐనను పంపని వ్యాసమును ఎవరును త్రిప్పిపంపలేరు, అచ్చు వేయలేరు.

మన నేలనుండి వెళ్లిన వ్యాసము లోకపు చర్చనే మలుపు త్రిప్పగలదనుటకు హైదరాబాదు నిదర్శనము. రెండు భాషలు మాట్లాడువారికి మతిమరుపు వ్యాధి ఆలస్యముగా పొడసూపునని కెనడాలోని టొరంటో నగరమున ఎలెన్ బియాలిస్టాక్ ప్రభృతులు 2007 లో ప్రకటించిరి. ఆ ద్విభాషులలో పెక్కురు వలస వచ్చినవారు గదా, ఆ ఆలస్యమునకు కారణము భాషయో, వలస జీవితమో, చదువో ఎట్లు చెప్పగలమని పలువురు ఆక్షేపించిరి. ఆ చిక్కుముడిని విప్పుటకు హైదరాబాదు కంటె తగిన ఊరు లేదు. ఇచ్చట తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఒకే వీధిలో వినవచ్చును. కూరగాయల బండివాడు కొనువారి ముఖము చూచి భాష మార్చును. బడి ముఖమెరుగనివారును రెండు మూడు భాషలు ధారాళముగా మాట్లాడుదురు. వీరిలో పెక్కురు వలసవచ్చినవారు కారు. నిమ్స్ వైద్యశాలలో అల్లాడి సువర్ణ, సుభాష్ కౌల్, భాషాశాస్త్రమున దుగ్గిరాల వసంత, ఎడింబరో నుండి థామస్ బాక్, వారితోపాటు సూరంపూడి బాపిరాజు మొదలగువారు కలిసి 648 మంది రోగుల వివరములను పరిశీలించి ‘న్యూరాలజీ’ పత్రికకు సమర్పించిన వ్యాసము 2013 లో వెలువడినది. ఏకభాషులకు సగటున 61.1 ఏండ్లకు కనబడిన వ్యాధి ద్విభాషులకు 65.6 ఏండ్లకు కనబడినది. నాలుగున్నర ఏండ్ల అంతరము. అక్షరజ్ఞానము లేనివారియందును ఈ భేదము కానవచ్చుటచేత, ఇది చదువు వలన కలిగిన ఫలితమన్న ఆక్షేపణకు బలము తగ్గినది. ఆ బృందమువారే 608 మంది పక్షవాతరోగులను పరిశీలించి 2016 లో ‘స్ట్రోక్’ పత్రికలో ప్రకటించిన దానినిబట్టి, వ్యాధి పిమ్మట మేధాశక్తి చెడకుండ నిలిచినవారు ద్విభాషులలో నూటికి 40.5, ఏకభాషులలో 19.6.

ఆ వ్యాసములు పాశ్చాత్యుల ప్రయోగమును మన రోగులపై మరల చేసి చూపినవి కావు. మన వీధిలోనే దొరకునట్టి, వారి నగరములలో దొరకనట్టి సాక్ష్యమును ముందు పెట్టినవి. ఆ బలముచేతనే పత్రికలు వాటిని గౌరవించినవి. మన విద్యార్థులలో పలువురు దీనికి విరుద్ధముగా, ఏదో విదేశీవ్యాసమును ఎదుట పెట్టుకొని, అందలి ఆంగ్లశిశువుల స్థానమున మన శిశువులను నిలిపి, అదే పట్టిక, అదే తీర్మానము వ్రాయుచున్నారు. అట్టి వ్యాసము త్రిప్పబడినప్పుడు దుఃఖింప పనిలేదు.

ఇట్టి సమర్పణ మనకు క్రొత్తయు కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1978 లో అమెరికా భాషాశాస్త్రసంఘపు ‘లాంగ్వేజ్’ పత్రికలో ద్రావిడభాషలలోని ధ్వనిపరిణామమును గూర్చి ప్రకటించిన వ్యాసము, మూర్ధన్యాది ధ్వనులు పదమధ్యమునుండి పదాదికి జరుగుట తెలుగు, గోండి, కువి మొదలగు భాషలలో ఒక్కసారిగాక, పదమునుండి పదమునకు శతాబ్దములతరబడి ప్రాకెనని నిరూపించినది. మన మ్రాను మానుగా మారుటలోను, రెండు, వాడు, లో అను నిత్యవ్యవహారపదములలోను ఉన్న చరిత్ర ఆ విధముగా లోకమునకు శాస్త్రసాక్ష్యమయ్యెను. అంతకు పూర్వమే గిడుగు వేంకట రామమూర్తి సవరల పలుకు నేర్చుటకై కొండలలో తిరిగి, మలేరియా సోకి, క్వినైను వాడుటచేత తన వినికిడినే పోగొట్టుకొనియు, విన్నదానినెల్ల ధ్వనిశాస్త్రరీతిని వ్రాసిపెట్టగా, మద్రాసు ప్రభుత్వము ఆ సవరభాషా గ్రంథమును 1931 లో ముద్రించినది. వినికిడి పోయినను విన్నదానిని లోకమునకు అప్పగించినవాని వారసులము మనము.

సమర్పణ యనగా కాగితములు పంపుట మాత్రమే యనుకొనరాదు. వాక్కు, వినికిడి శాస్త్రములకు అమెరికాలో 1936 లో వెలసిన పత్రికాపరంపర, 1997 లో తన పేరున ‘భాష’ను కూడ చేర్చుకొని నేటికిని సాగుచున్నది, 1965 లో మైసూరున స్థాపితమైన అఖిలభారత వాక్శ్రవణసంస్థయు తన పత్రికను నడపుచున్నది. ఏ పత్రికయైనను మొదట అడుగునది నైతికసంఘపు అనుమతి, పాల్గొన్నవారి అంగీకారము. పిమ్మట ప్రతిని, కొన్ని పత్రికలలో రచయిత పేరు తొలగించి, ఇరువురో మువ్వురో సమీక్షకులు చదువుదురు. గదిలో నిశ్శబ్దము ఎంతమాత్రము? పిల్లల యింట ఏ భాష? తల్లిది ఏ ఊరి మాండలికము? ఈ మాట లిపిలో ఒక విధముగా నుండగా ధ్వనిలో మరియొక విధముగా ఏల వ్రాసితిరి? ఇట్టి ప్రశ్నల వరుస వచ్చినప్పుడు యువపరిశోధకునకు అవమానము తోచుట సహజము. ఐనను తెలుగు తెలియని ఒక సమీక్షకుడు అడిగిన ప్రశ్నకై మన భాషను మనమే మరల పరికించి చూచుట గొప్ప శిక్షణ. ప్రతి ఉదాహరణమును తెలుగులిపిలోను, ధ్వనిలిపిలోను, పదవిభాగముతోను, అర్థముతోను ఇచ్చుట శ్రమయే. ఆ శ్రమ పడినవాని పట్టికను మరి ఇరువది ఏండ్లకును నమ్మి వాడుకొనవచ్చును.

ఈ దారిలో మోసగాండ్రును కలరు. సమీక్ష యని పేరు పెట్టి, నాలుగు దినములలో అంగీకారపత్రము పంపి, వెంట రుసుము బిల్లు పంపు పత్రికలు మన విద్యార్థుల ఈమెయిలు పెట్టెలను నింపుచున్నవి. సమీక్ష విషయమున అసత్యములు చెప్పి, రుసుమును ముందుగా తెలుపక దాచినందులకు హైదరాబాదు కేంద్రముగా నడచిన ఒక ప్రచురణసంస్థపై అమెరికా న్యాయస్థానము 2019 లో 5 కోట్ల డాలర్లకు మించిన తీర్పు నిచ్చినది. విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము మంచి పత్రికలను గుర్తించుటకై 2018 లో పూనుకొని కూర్చిన కేర్ జాబితాను 2025 లో ఎత్తివేసి, ఆ భారమును సంస్థలకే విడిచినది. కావున ఏ పత్రిక తగినదో విద్యార్థికి చెప్పవలసినవారు గురువులే. పదోన్నతికి కావలసిన సంఖ్యకై వ్యాసములు లెక్కించు గురువు ఆ పని చేయజాలడు.

కృష్ణాడెల్టాలో ఇంకను పరిశోధకుని చేయి సోకవలసిన విషయములు ఎన్నియో కలవు. విజయవాడ ఆటోనగరులో లారీబాడీలు కట్టుచోట రేకుపై సుత్తి పడు చప్పుడు ఉదయమునుండి చీకటిపడువరకు ఆగదు. ఆ కార్మికుల చెవులలో నాలుగువేల హెర్ట్‌జుల దగ్గర వినికిడి మొదట దిగబడునని ఆడియోగ్రాము చూచినవారెల్ల ఎరుగుదురు, కాని పక్కవాడు పిలిచిన మాట తప్పిపోవువరకు కార్మికునకు తెలియదు. మేనరికములు నేటికిని ఉన్న సీమలో పుట్టుచెవుడును గూర్చి, ఇంట తెలుగు, బడిలో మొదటినుండి ఇంగ్లీషు వినుచున్న పిల్లల వాక్కును గూర్చి ఎంత వ్రాసినను తరుగదు.

నేను కోరునది పెద్ద విషయమేమియు కాదు. 1986 లో విజయవాడలో వెలసిన ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము, వాక్కు, వినికిడులకు సంబంధించిన ప్రతి సిద్ధాంతగ్రంథముతోపాటు పత్రికకు పంపదగిన రూపమున ఒక వ్యాసప్రతిని, తెలుగున రెండు పుటల సారాంశమును విధిగా కోరవలయును. ఆ సారాంశము పరీక్షకు కూర్చున్న కుటుంబములకు చేరవలయును. తెలుగున ఇట్టి విషయములు చదువువారు లేరనుట అపవాదు: ఈ డెల్టాలోని ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1924 లో ఆరంభించిన ‘భారతి’ మాసపత్రికలో భాషాశాస్త్ర, చారిత్రకవ్యాసములును వానిపై ఖండనమండనములును దశాబ్దములతరబడి అచ్చగుచుండగా తెలుగువారు చదివిరి, వాదించిరి. విశ్వవిద్యాలయపు గ్రంథాలయమున ఇప్పటికే చేరియున్న గ్రంథములలో పిల్లల పలుకుబడికి సంబంధించిన వానిని ముందుగా వెలికితీసి, వ్రాసినవారు ఎచ్చట ఉద్యోగము చేయుచున్నను పిలిపించి, ఒక సంపాదకమండలి సాయముతో పత్రికలకు పంపు పని ఈ విద్యాసంవత్సరముననే మొదలిడవచ్చును.